మూగదెబ్బ

కొన్ని జబ్బుల్ని వైద్యులు మొదట శవంలోనే చూశారు. దెబ్బకు ప్లీహం పగలడం వాటిలో ఒకటి. మన దేశంలో దాని కథ కారుతో మొదలు కాలేదు. గుర్రపు బండి దగ్గర, దొర చేతి దెబ్బతో మొదలైంది.

ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు ఒక ఆదివారం కుటుంబంతో చర్చికి బయల్దేరాడు. గుర్రాన్ని చూసుకునే కత్వారు సమయానికి బండి దగ్గర లేడు. వచ్చాక ఫుల్లర్ అతన్ని తల మీద కొట్టి, జుట్టు పట్టుకుని లాగాడు. కత్వారు కింద పడ్డాడు, లేచాడు, పక్క ఆవరణలోకి వెళ్లాడు. కాసేపటికే చనిపోయాడు. కోసి చూస్తే ప్లీహం పగిలి ఉంది. మెజిస్ట్రేటు ఫుల్లరుకు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో వైస్రాయి లిట్టన్ ఈ శిక్ష మరీ తక్కువని తప్పుపడితే, ఇక్కడి ఇంగ్లీషు పత్రికలు వైస్రాయి మీదే విరుచుకుపడ్డాయి.

ఆ కాలపు కోర్టుల్లో ఇలాంటి కేసు ఇదొక్కటే కాదు. నౌకరునో, పంకా లాగే కూలీనో దొర తన్నడం, అతను చనిపోవడం, మలేరియాతో ప్లీహం అప్పటికే ఉబ్బి ఉంది కాబట్టి చిన్న దెబ్బకే పగిలిందని డాక్టరు చెప్పడం, దొర జరిమానాతో బయటపడటం మళ్లీ మళ్లీ జరిగాయి. నార్మన్ చెవర్స్ ఈ దేశపు కేసుల కోసమే రాసిన వైద్య న్యాయశాస్త్ర గ్రంథంలోనూ ప్లీహం పగలడం గురించి ఉంది. ఆ న్యాయం ఎలాంటిదో చరిత్రకారులు చాలా రాశారు. నేను సర్జన్ని. కోస్తాలో జాతీయ రహదారి పక్కన ఉన్న పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఆ కథలో నన్ను పట్టి ఆపేది ఒకటే: కత్వారు లేచి నడిచాడు. ఆ నడక చూసినవాళ్లు ఏమీ కాలేదులే అనుకునే ఉంటారు. హైవే మీద పల్టీ కొట్టిన కారులోంచి బయటికొచ్చి, చొక్కా దులుపుకుని, ఇంటికి ఫోన్ చేసుకుంటున్న మనిషిని చూసి మనం ఈ రోజుకీ అనుకునేది అదే.

మలేరియా ప్లీహం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఊళ్లలో దాన్ని కడుపులో బల్ల అనేవారు. ఒక ప్రాంతంలో మలేరియా ఎంత ఉందో తేల్చడానికి పిల్లల పొట్టలు తడిమి, ఎంతమందికి బల్ల పెరిగిందో లెక్కగట్టేవారు. నేను విశాఖలో వైద్యం చదివే రోజుల్లో పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో ప్లీహం బొడ్డు దాకా పెరిగినవాళ్లు ఉండేవారు. ఎడమవైపు పక్కటెముకల చాటున, మామూలుగా చేతికి అందకుండా దాక్కుని ఉండే అవయవం అది. మా ప్రొఫెసరు గారు మా చేతి మీద తన చెయ్యి పెట్టి, కుడి పొత్తికడుపు నుంచి ఎడమ డొక్క వైపు మెల్లగా జరిపిస్తూ "నెమ్మదమ్మా, అది పగిలితే నువ్వు అతికించలేవు" అనేవారు. ప్లీహం పై పొర పాల మీది మీగడంత పల్చన. దాని కింద ఉన్నదంతా రక్తమే.

పొట్టకు తగిలే మూగదెబ్బ లోపల మూడు రకాలుగా పనిచేస్తుంది. మొదటిది నలగడం: స్టీరింగుకూ వెన్నెముకకూ మధ్య క్లోమం, చిన్నపేగు మొదటి భాగం నలిగిపోతాయి. రెండోది తెగడం: కారు ఆగిపోయినా, మనిషి ఆగిపోయినా, లోపలి అవయవాలు ముందుకే వెళ్లబోతాయి. కాలేయం, ప్లీహం, పేగులు ఎక్కడెక్కడ ఒంటికి అంటుకుని ఉన్నాయో అక్కడ చీలిక వస్తుంది. మూడోది పగలడం: పేగు రెండు చోట్ల నొక్కుకుపోతే మధ్యలో చిక్కిన గాలికి, ద్రవానికి దారిలేక పేగు చిల్లిపడుతుంది. ఈ మూడింటిలో దేనికీ చర్మం మీద గీత పడాల్సిన అవసరం లేదు.

దెబ్బకు పగిలిన ప్లీహాన్ని తీసేసి మనిషిని నిలబెట్టవచ్చని తెలిసేసరికి 19వ శతాబ్దం చివరికొచ్చింది. బ్రెస్లావ్ నగరంలో, ఇప్పుడది పోలండ్‌లో ఉంది, రీగ్నర్ అనే సర్జన్ ఎత్తు నుంచి పడిన ఒక కుర్రాడికి అలా ఆపరేషన్ చేసి, 1893లో ఆ సంగతి ప్రకటించాడు. మత్తుమందు వచ్చింది, శుభ్రత వచ్చింది, పొట్ట తెరిచినా మనిషి బతుకుతున్నాడు. ఇక మిగిలిన చిక్కల్లా ఎవరి పొట్ట తెరవాలన్నదే. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. అది ఎముకల్ని చూపించింది, చిల్లిపడిన పేగులోంచి బయటపడి ఉదరవితానం కింద చేరిన గాలిని చూపించింది. కారుతున్న రక్తాన్ని మాత్రం చూపించలేకపోయింది.

అందుకే చాలాకాలం సర్జన్లకు చెయ్యే ఆధారం. ఈ విద్యకు ముఖ్యమైన పాఠ్యగ్రంథం జకరీ కోప్ 1921లో తెచ్చిన పుస్తకం. తీవ్రమైన కడుపునొప్పిని మొదట్లోనే ఎలా పోల్చుకోవాలో చెప్పే ఆ చిన్న పుస్తకం మా తరం దాకా హాస్టల్ గదుల్లో చేతులు మారుతూ ఉండేది.

ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, ముందు నీ అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోవాలి. చల్లటి చెయ్యి తగిలితే ఎవరి పొట్టయినా బిగుసుకుంటుంది, అది దెబ్బ వల్ల వచ్చిన బిగువో చలి వల్ల వచ్చిన బిగువో తేలదు. మనిషిని మోకాళ్లు మడిచి పడుకోమనాలి. నొప్పి ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టకూడదు, దూరం నుంచి రావాలి. చెయ్యి పొట్ట మీద, కళ్లు మాత్రం మనిషి ముఖం మీద. నొప్పి లేదని నోరు అంటున్నప్పుడే కనుబొమ దగ్గరపడుతుంది. దగ్గమంటే కొందరు దగ్గరు, గొంతు సవరించుకుని ఊరుకుంటారు. అదీ సమాధానమే. వేలితో తట్టి చూస్తే డొక్కల్లో మోగాల్సిన చోట మోగకపోవడం, పేగుల చప్పుడు వినిపించకపోవడం, కింది పక్కటెముకల మీద వేలు పెడితే ఉలిక్కిపడటం, ఒక్కొక్కటీ చూసి రాసుకోవాలి. ఎడమ పక్కన కింది పక్కటెముకలు విరిగితే వాటి వెనక ఉన్నది ప్లీహమని, కుడి పక్కన విరిగితే కాలేయమని గుర్తుండాలి.

అన్నిటికంటే విచిత్రమైన గుర్తు భుజం నొప్పి. దాన్ని జర్మనీ సర్జన్ హాన్స్ కేర్ పేరుతో పిలుస్తారు. ప్లీహం నుంచి కారిన రక్తం ఉదరవితానం కింద చేరి దాన్ని రేపుతుంది. ఆ పొరకు వచ్చే నరం మెడ దగ్గర పుడుతుంది. భుజం చర్మానికి వెళ్లే నరాలూ అక్కడివే. దాంతో మెదడు చిరునామా పొరబడుతుంది. కడుపులో రక్తం కారుతుంటే మనిషి ఎడమ భుజం పట్టుకుని కూర్చుంటాడు. మంచం కాళ్ల వైపు ఎత్తితే నొప్పి ఇంకా పెరుగుతుంది. భుజం మీద దెబ్బ లేదు, ఎక్స్‌రేలో ఎముక బాగుంది, అయినా నొప్పంటున్నాడంటే చొక్కా విప్పి పొట్ట చూడమని మా హౌస్ సర్జన్లకు చెప్పేవాణ్ణి.

ఇంత జాగ్రత్తగా చూసినా చెయ్యి చెప్పేది సగమే. తాగి ఉన్నవాడి పొట్ట ఏమీ చెప్పదు. తలకు దెబ్బ తగిలి స్పృహలేనివాడూ చెప్పలేడు. తొడ ఎముక విరిగినవాడు ఆ నొప్పి తప్ప ఇంకోటి ఎరగడు. పొట్టలో లీటరు రక్తం చేరినా కొందరిలో పైకి ఉబ్బు కనిపించదు.

అందుకని సూదులు వచ్చాయి. 1906లో సాలమన్ పొట్టలోకి సన్నటి గొట్టం దించి లోపల రక్తముందో లేదో చూడటం మొదలుపెట్టాడు. తర్వాత నాలుగు మూలలా సూది గుచ్చి లాగి చూసే పద్ధతి వచ్చింది. సూదిలోకి రక్తం వస్తే సరే, నమ్మొచ్చు. రాకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, సూది మొన ఇటు ఉండి రక్తం అటు ఉండి ఉండొచ్చు. ఈ చిక్కును 1965లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రూట్, అతని తోటి సర్జన్లు విడదీశారు. పొట్టలోకి సెలైన్ పోసి, కలిపి, తిరిగి బయటికి తీసి చూడటమే వాళ్లు చేసింది. ప్రపంచంలో చాలా క్యాజువాలిటీలు ఓ ఇరవై, పాతికేళ్లు దీని మీదే నడిచాయి.

మేం ఆ పని చేసిన తీరు నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. ముందు మూత్రానికి గొట్టం వేసి మూత్రాశయం ఖాళీ చేయాలి, ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేసి కడుపు ఖాళీ చేయాలి. లేకపోతే గొట్టం వాటిలోకే దిగుతుంది. బొడ్డుకి కొంచెం కింద, నడిమధ్య, మత్తు సూది. చిన్న కోత. పొరలు ఒక్కొక్కటే విడదీసి, పక్కల రంధ్రాలున్న గొట్టాన్ని కటి భాగం వైపు దించాలి. దానికోసం తయారైన కేథెటర్ దొరకని రాత్రుల్లో మామూలు ట్యూబుకే బ్లేడుతో రంధ్రాలు చేసుకునేవాళ్లం. సిరంజితో లాగగానే రక్తం వస్తే ఇంకేం అక్కర్లేదు, థియేటర్‌కి ఫోనే. రాకపోతే గోరువెచ్చటి సెలైన్ ఒక లీటరు లోపలికి. ఇద్దరు పట్టుకుని మనిషిని అటూ ఇటూ కొంచెం దొర్లించాలి. తర్వాత ఖాళీ అయిన గాజు సీసాను స్టాండు మీంచి తీసి నేల మీద పెడితే, పోసిన నీళ్లు తిరిగి అందులోకే దిగేవి.

అప్పుడు మా సిస్టరు గారు ఆ రోజు పేపరు పట్టుకుని వచ్చేవారు. ట్యూబు వెనక పేపరు పెట్టి చదవాలి. అక్షరాలు ఆనితే పెద్దగా రక్తం లేనట్టు, ఆనకపోతే ఉన్నట్టు. ఈ పేపరు పద్ధతి అమెరికా వాళ్ల పుస్తకాల్లోదే. మా వార్డులో తెలుగు పేపరు, అంతే తేడా. ఒత్తులు, దీర్ఘాలు విడివిడిగా కనిపిస్తున్నాయా లేదా అని ముగ్గురం ట్యూబు మీద వంగి మిర్చి ధరలు చదివేవాళ్లం. ల్యాబులో మనిషి ఉంటే శాంపిలు పంపేవాళ్లం, ఘన మిల్లీమీటరుకు ఎర్రకణాలు లక్ష దాటితే పొట్ట తెరవాలని నియమం. అర్ధరాత్రి ల్యాబు తలుపు తాళం వేసి ఉంటే పేపరే ప్రమాణం.

ఈ పరీక్షలో లోపం అబద్ధం చెప్పడం కాదు, మరీ ఎక్కువ నిజం చెప్పడం. కొద్దిపాటి రక్తమున్నా పట్టేసేది. తెరిచి చూస్తే కాలేయం మీద చిన్న చీలిక, అప్పటికే గడ్డకట్టి ఆగిపోయిన రక్తం. కుట్టడానికి ఏమీ ఉండేది కాదు. కడిగి మూసేసేవాళ్లం. ఆ మనిషి పొట్ట మీద జానెడు మచ్చతో ఇంటికి వెళ్లేవాడు. పైగా క్లోమం, మూత్రపిండాల వంటివి పొట్ట పొర వెనక ఉంటాయి, ఎంత సెలైన్ పోసినా వాటి సంగతి తెలియదు.

ఇంతలో రోడ్డు మీద దెబ్బలే మారిపోయాయి. 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ భుజం మీంచి, నడుము మీంచి పట్టే బెల్టును తయారుచేశాడు. కంపెనీ ఆ పేటెంటును మిగతా కార్లవాళ్లూ వాడుకోనిచ్చింది. అంతకుముందు ఎక్కువగా ఉన్నవి విమానాల్లో మాదిరి నడుముకు మాత్రమే కట్టే పటకాలు. 1962లో గారెట్, బ్రాన్‌స్టైన్ అనే ఇద్దరు, బెల్టు కట్టుకున్నవాళ్లలో కనిపించే దెబ్బల వరసను తొలిసారి వర్ణించారు. 1968లో డోర్ష్, డోజియర్ పొట్ట మీద బెల్టు పడ్డ చోట అడ్డంగా కమిలిన చారను చూపించి, దాని వెనక పేగు, పేగును పట్టి ఉంచే పొర చిరిగి ఉండొచ్చని హెచ్చరించారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1948లో, మాంచెస్టర్ ఎక్స్‌రే వైద్యుడు చాన్స్ వెన్నుపూస అడ్డంగా చీలే ఒక విరుపును వర్ణించి ఉన్నాడు. నడుము బెల్టులు వచ్చాక ఆ విరుపు కార్లలో తరచు కనబడసాగింది. చారా, ఆ విరుపూ కలిసి ఉంటే పేగును అనుమానించక తప్పదు.

ఇది విని బెల్టు ఎందుకులే అనేవాళ్లున్నారు. వాళ్లకు నా సమాధానం సూటిగా ఉంటుంది: బెల్టు లేనివాళ్లలో చాలామందికి పొట్ట పరీక్ష చేయించుకునే అవకాశమే రాదు. 2014 జూన్ 3న ఢిల్లీలో కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే కారును ఇంకో కారు ఢీకొట్టింది. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారు. మెడ ఎముకలతో పాటు కాలేయం కూడా దెబ్బతిందని వైద్యులు తేల్చారు. బెల్టు పట్టాల్సింది తుంటి ఎముకల మీద, మెత్తటి పొట్ట మీద కాదు. జారగిలబడి కూర్చున్నా, చిన్నపిల్లకు పెద్దవాళ్ల బెల్టు కట్టినా అది పైకి జారి పేగుల్ని వెన్నుకు అదుముతుంది. గర్భిణులు పొట్ట కింద నుంచి పోనిచ్చుకోవాలి.

అమెరికా పుస్తకాలు చదివే మా పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పేవాణ్ణి. అక్కడ డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు, అతని తలుపు వైపు గుద్దితే దగ్గరగా ఉన్నది ప్లీహం. మన డ్రైవరు కుడి పక్కన. అతని తలుపు వైపు లారీ గుద్దితే ముందు కాలేయం చూడాలి. ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్న అతని భార్యకో, అన్నకో అటువైపు గుద్దుకుంటే ప్లీహం చూడాలి. అందుకే పేషెంటు పేరు అడిగిన వెంటనే "ఏ సీట్లో కూర్చున్నావు?" అని అడగాలి. స్టీరింగు వంగిందా, పక్కవాడు బతికాడా అని కూడా అడగాలి.

సూదిని, సెలైన్‌ను పక్కకు నెట్టింది స్కానింగు. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంలో 1971 అక్టోబరు 1న లండన్ దగ్గర ఒక రోగి తలను తొలిసారి చూశారు. అలన్ కార్మాక్‌తో కలిపి అతనికి 1979లో నోబెల్ ఇచ్చారు. 1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ ఫెడర్లీ బృందం దెబ్బలు తగిలిన పొట్టలకు సీటీ ఎంత పనికొస్తుందో చూపించింది. తొలిసారి కాలేయంలో చీలిక ఎంత లోతో, రక్తం ఇంకా కారుతోందో ఆగిందో, కత్తి పట్టకుండా తెలిసింది. దానికో షరతుంది. బీపీ నిలబడని మనిషిని సీటీ గదికి పంపకూడదు. అలాంటివాడి కోసం అల్ట్రాసౌండ్ మంచం దగ్గరికే వచ్చింది. యూరప్‌లో 1970ల నుంచే వాడుతున్న దాన్ని 1990లలో అట్లాంటాలో గ్రేస్ రోజికి వంటి సర్జన్లు తామే చేతబట్టి పద్ధతిగా మలిచారు. నాలుగే చోట్లు: కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య, ప్లీహం చుట్టూ, కటిలో, గుండె చుట్టూ. నల్లటి పట్టీ కనిపిస్తే అక్కడ ద్రవం ఉన్నట్టు. రెండు మూడు నిమిషాల పని.

మన దగ్గర ఆ మిషను క్యాజువాలిటీకి రావడానికి ఇంకో అడ్డంకి ఉంది. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం కింద ప్రతి మిషనూ రిజిస్టరు కావాలి, ఇష్టమొచ్చిన చోటికి తిప్పడానికి వీల్లేదు. చట్టం అవసరమే, ఆడపిల్లల కోసం వచ్చింది. కాకపోతే చాలాకాలం స్కానింగు గది తాళం దగ్గర స్ట్రెచరు ఆగేది. ఇక ఈ స్కాను చూసేది ద్రవాన్నే. సుమారు 200 మిల్లీలీటర్లు చేరితే గాని నమ్మకంగా కనిపించదు. పేగు చిల్లిపడిన తొలి గంటల్లో సీటీ కూడా బాగుందనే చెప్పవచ్చు.

ఇలా చూపు మెరుగయ్యేకొద్దీ కత్తి తగ్గింది. ప్లీహాన్ని పూర్వం అనవసరమైన అవయవమని తీసి పారేసేవారు. 1952లో కింగ్, షూమేకర్ అనే అమెరికన్ వైద్యులు, ప్లీహం తీసేసిన ఐదుగురు పసిపిల్లల్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చిన సంగతి రాశాక ఆ ధీమా సడలింది. ఆ తర్వాతి అడుగులో మనవాడున్నాడు. ఢిల్లీ ఎయిమ్స్ పిల్లల సర్జను పి. ఉపాధ్యాయ, టొరంటో పిల్లల ఆసుపత్రిలోని సింప్సన్‌తో కలిసి 1968లో రాసిన వ్యాసంలో, ప్లీహం పగిలిన పిల్లల్లో పొట్ట తెరిచేసరికే చాలాసార్లు రక్తం ఆగిపోయి ఉంటోందని, ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చని చెప్పారు. అప్పట్లో పెద్ద సర్జన్లు దాన్ని నమ్మలేదు. ఇప్పుడు బీపీ, నాడి నిలకడగా ఉంటే పిల్లలకే కాదు, పెద్దలకూ ముందు చేసేది అదే: పడుకోబెట్టి, కనిపెట్టుకుని ఉండటం.

కనిపెట్టుకుని ఉండటమనే మాట తేలికగా అనేస్తాం. దాని బరువు 108 అంబులెన్సు వచ్చాక నాకు బాగా తెలిసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సేవ మొదలైంది. అంతకుముందు ప్రమాదంలో పడ్డవాళ్లు లారీల్లో, ఆటోల్లో, ఒక్కోసారి ఆర్టీసీ బస్సు వెనక సీట్లో పడుకుని, గంటల తర్వాత వచ్చేవారు. అప్పటికి పొట్ట పలకలా బిగిసి, ఒళ్లు చల్లబడి ఉండేది. జబ్బేమిటో ఎవరికైనా తెలిసేది, మనిషిని దక్కించుకోవడమే కష్టం. 108 వచ్చాక లెక్క తిరగబడింది. దెబ్బ తగిలిన కాసేపటికే మనిషి మా ముందున్నాడు. దక్కించుకోవడం సులువైంది, పోల్చుకోవడం కష్టమైంది. ఎందుకంటే అంత తొందరగా వచ్చిన పొట్ట ఇంకా మెత్తగానే ఉంటుంది.

పెళ్లికి వెళ్తూ డివైడరు ఎక్కిన కారులోంచి ఒక రాత్రి ఓ యువకుడు వచ్చాడు. ముందు సీటు, బెల్టు పెట్టుకున్నాడు. బొడ్డు కింద అడ్డంగా వేలెడు వెడల్పు కమిలిన చార. నొప్పేమీ లేదన్నాడు. నాడి 84, బీపీ బాగుంది, పొట్ట మెత్తగా ఉంది, స్కానులో ద్రవం లేదు. అతని మేనమామ చేతులు జోడించి "డాక్టరు గారూ, గీత కూడా పడలేదండీ. తెల్లారి ముహూర్తం. పంపించేయండి, రేపు తీసుకొస్తాం" అన్నాడు. చార చూపించి, రాత్రికి ఉండాల్సిందేనన్నాను. మా సిస్టరు పదిహేను నిమిషాలకోసారి నాడి రాసింది. 84 కాస్తా 92 అయింది, తర్వాత 104. బీపీలో తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి ఒంట్లో ఉండే ఐదు లీటర్ల రక్తంలో లీటరు పోయినా బీపీ నిలబడే ఉండొచ్చు, ముందు పరిగెత్తేది నాడే. తెల్లవారుజామున మళ్లీ చెయ్యి వేస్తే చార కింద పొట్ట బిగుసుకుంటోంది. రెండోసారి స్కానులో పేగుల మధ్య ద్రవం కనిపించింది. తెరిచి చూస్తే పేగును పట్టి ఉంచే పొర చిరిగి రక్తం కారుతోంది, దాని పక్కనే పేగులో చిల్లి. కుట్టేశాం, బతికాడు. ముహూర్తానికి మేనమామ ఒక్కడే వెళ్లొచ్చాడు.

ఇందులో నా గొప్పేమీ లేదు, అది సిస్టరు రాసిన కాగితం గొప్ప. 1907లోనే బోదే అనే వైద్యుడు, ప్లీహం దెబ్బ తగిలిన వెంటనే కాకుండా రెండు రోజులు గడిచాక కూడా పగలొచ్చని చెప్పాడు. లోపల గడ్డకట్టిన రక్తాన్ని పై పొర కొన్నాళ్లు పట్టి ఉంచి, తర్వాత వదిలేస్తుంది. క్లోమానికి తగిలిన దెబ్బ కూడా కొన్నిసార్లు రోజు గడిచాక గాని బయటపడదు.

అందుకని ప్రమాదం జరిగి, ఏమీ కాలేదని ఇంటికి చేరినవాళ్లు తర్వాత రెండు మూడు రోజులు కొన్నిటిని తేలిగ్గా తీసుకోకూడదు. తగ్గాల్సిన కడుపునొప్పి పెరగడం, దెబ్బ తగలని భుజం నొప్పి, నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం, చెమటలు, విపరీతమైన దాహం, వాంతులు, మూత్రంలో ఎరుపు, పొట్ట మీద బెల్టు చార. వీటిలో ఏదున్నా మాత్ర మింగి పడుకోకూడదు, ఏమీ తినకుండా తాగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, సొంతంగా బండి నడుపుకుంటూ కాదు. బీపీకి అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో నాడి పెరగదు, కాబట్టి నాడి బాగుందని వాళ్ల విషయంలో ధైర్యపడకూడదు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

సాలమన్ గొట్టం నుంచి సీటీ దాకా వచ్చిన ప్రతి పరికరమూ ఎదురుచూసే పని లేకుండా, ఒక్కసారి చూసి తేల్చేద్దామనే వచ్చింది. ఒక్కొక్కటీ ఎదురుచూపును కొంత తగ్గించింది, ఏదీ దాన్ని పూర్తిగా తీసేయలేదు. పొట్టకు తగిలిన మూగదెబ్బ తెలిసేది రెండు పరీక్షల మధ్య వచ్చిన తేడాలో. ఆ తేడా తెలియాలంటే మొదటిది ఎప్పుడు చేశారో తెలియాలి. అందుకే మా పిల్లలు కేస్ షీటు మీద పొట్ట మెత్తగా ఉంది అని రాసి సంతకం పెట్టబోతే కలం ఆపించేవాణ్ణి. ముందు టైము రాయమనేవాణ్ణి. పొట్ట బాగుందన్న మాట ఆ టైముకే చెల్లుతుంది, మళ్లీ వచ్చి చూసి, కొత్త టైము వేసి రాసేదాకా.